నాగార్జునకొండ కోటగోడ

నాగార్జునసాగర్ జలాశయం మధ్య దీవిగా ఉన్న నాగార్జునకొండ చూసి వచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే మ్యూజియం అంటారు, స్తూపాలు అంటారు, లాంచీలో పోతుంటే గాలి ఎంత హాయిగా ఉందో చెబుతారు. కోట చూశారా అంటే మాత్రం, అక్కడ కోట కూడా ఉందా అని నన్నే తిరిగి అడుగుతారు. ఉంది. కొండ అంచు వెంట, చెట్ల మరుగున, చాలాచోట్ల కూలిపోయి, కొన్నిచోట్ల ఇంకా నిటారుగా ఉంది. ఆ దీవి మీద మనం చూసే పాత కట్టడాల్లో పుట్టినచోటే నిలబడి ఉన్నవి ఆ కోటగోడ, దాని లోపలి పాత గుళ్ల శిథిలాలు మాత్రమే. స్తూపాలూ, బౌద్ధ భిక్షువులు ఉండే విహారాలూ కింది లోయనుంచి పైకి తరలివచ్చినవి. అందుకే ఆ గోడ గురించి రాయాలనిపించింది.

నేను మిర్యాలగూడలో ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాను. గోడ కనబడితే మందం ఎంతో కంటితోనే కొలవడం, ఎవరు కట్టారో, బరువు ఎటు దిగుతుందో ఆలోచించడం నాకు రోజూ ఉండే పని. ఈసారి కార్తీకమాసంలో సాగర్ వెళ్దామనుకున్నప్పుడు మా మామ కూడా వస్తానన్నాడు. అమ్మకు అన్న. వాళ్లది పూర్వం ఏలేశ్వరం వైపు. అంటే కృష్ణకు ఎడమ ఒడ్డున, నాగార్జునకొండకు ఎదురుగా, ఇప్పుడు నీళ్ల కింద ఉన్న నేల. ఊరు ఖాళీ చేసేనాటికి మామకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. ఇప్పుడు హాలియా దగ్గర ఎడమ కాలువ కింద వరి పండిస్తున్నాడు. ఊరిని ముంచిన నీళ్లూ పొలానికి వచ్చే నీళ్లూ ఒకటేనని ఎవరైనా అంటే, అవును, రెండూ కృష్ణమ్మే అంటాడు. అంతకు మించి మాట పెంచడు.

మిర్యాలగూడ నుంచి నిడమనూరు, హాలియా, పెద్దవూర మీదుగా పొద్దున్నే బయలుదేరాం. దారంతా కోతకు వచ్చిన వరి, అక్కడక్కడా కోత యంత్రాలు. డ్యామ్ కింది వంతెన దాటితే కుడి ఒడ్డు, ఆంధ్రప్రదేశ్. దీవి కూడా అటువైపుదే, పల్నాడు జిల్లాలోది. విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌లో టికెట్లు తీసుకుని కూర్చున్నాం. కార్తీకమాసం కాబట్టి వనభోజనాలకు వచ్చినవాళ్లు, స్కూలు పిల్లలు, పులిహోర డబ్బాలు, సందడిగా ఉంది. మామ మాత్రం లాంచీ ఎక్కగానే కుడివైపు అంచున చోటు వెతుక్కున్నాడు. ఎగువకు వెళ్లే లాంచీలో కుడిచేతి వైపు కనబడేది నల్లగొండ ఒడ్డు.

దీవి దాకా 11 కిలోమీటర్లు. జలాశయం దాదాపు నిండుగా ఉంది. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అంత నీళ్లున్నప్పుడు కొండల కాళ్లు కనబడవు, నడుముదాకా నీళ్లలో నిలబడినట్టుంటాయి. నీటికాకులు ఎండిన కొమ్మల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. మామ అప్పుడప్పుడూ చెయ్యి చాచి ఏదో గట్టు పేరు, అంటే కొండ పేరు, చెబుతున్నాడు. ఇంజను చప్పుడులో నాకు సగం వినబడలేదు.

నీళ్ల కింద ఏముందో తెలియకుండా దీవి మీదికి వెళితే సగమే చూసినట్టు. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు, పడమట, కృష్ణ. మధ్యలో లోయ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు ఆ లోయలో విజయపురి అనే రాజధాని కట్టుకుని ఏలారు. శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువుల శాంతమూలుడు. రాజులు యజ్ఞాలు చేసేవారు, అంతఃపుర స్త్రీలు బౌద్ధానికి దానాలు ఇచ్చేవారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యం అనే పెద్ద స్తూపం కట్టించింది. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం, అంటే పూజామందిరం, కట్టించింది. ఆ పేర్లు శాసనాల్లో చెక్కి ఉన్నాయి. ఎవరు కట్టించారన్న ప్రశ్నకు జవాబుగా ఇంతమంది ఆడవాళ్ల పేర్లు ఒకేచోట కనబడటం నాకు ఎప్పటికీ గొప్ప విషయమే. నేను గీసే ఇళ్లలో చాలావాటికి డబ్బు ఆడవాళ్ల కష్టందే అయినా, గేటు మీద రాతిపలకకు ఎక్కేది మగవాళ్ల పేరు.

తరువాత ఆ నగరం అడవి కింద, మట్టి కింద మరుగున పడింది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభం చూసి అప్పటి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అప్పుడు కుడి ఒడ్డు మద్రాసు వాళ్లది, మన ఒడ్డు నిజాముది. 1927 నుంచి పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. ఆ తరువాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ మళ్లీ మొదలుపెట్టారు. ఇక్కడ డ్యామ్ కట్టాలని తేలాక, లోయ ఎలాగూ మునుగుతుంది కాబట్టి, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ మొత్తం తవ్వి చూశారు. వందకు పైగా స్థలాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ ఒడ్డున ఏలేశ్వరంలో కూడా మునకకు ముందు తవ్వకాలు జరిగాయి.

ముఖ్యమైన కట్టడాల్లో తొమ్మిదింటిని కొండ మీదికి తెచ్చి తిరిగి కట్టారు. ఇంకొన్నింటికి నమూనాలు చేసి పెట్టారు. అనుపులో మరికొన్ని ఉన్నాయి. అక్కడి రంగస్థలాన్ని చూసి తీరాలి, కానీ అది దీవి మీద కాదు, ఒడ్డున ఉంది, దానికి వేరే పూట కావాలి. నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఈ తరలింపు ఎంత పెద్ద పనో తెలుస్తుంది. ప్రతి కట్టడానికీ కొలతలు తీయాలి, ప్లాన్ గీయాలి, ఎక్కడి రాయి అక్కడికే చేరాలి. మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు. లోపల చక్రంలా ఆకులు, నడుమ ఇరుసు, చుట్టూ వలయాలు. బరువంతా ఒకేచోట పడకుండా, మధ్యలో మట్టి నింపుకోవడానికి వీలుగా వేసిన ప్లాన్ అది. ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. మా సైట్లకు వచ్చే ఇటుక 9 అంగుళాలు. అంత పెద్ద ఇటుకను పగుళ్లు రాకుండా ఆరబెట్టి సమంగా కాల్చాలంటే ఎంత ఓపిక కావాలో ఇటుకబట్టీ వాళ్లను అడగండి.

1966లో తెరిచిన మ్యూజియం కూడా విహారం ఆకారంలోనే ఉంటుంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన శిల్పాలు, నిలువెత్తు బుద్ధుడు, ఆయక స్తంభాలు. ఇవి స్తూపానికి ఒక్కో దిక్కున అయిదేసి ఉంటాయి, బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తుగా. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన ఛాయాస్తంభాల దగ్గర మామ చాలాసేపు నిలబడ్డాడు. మా వైపు పొలాల గట్ల మీద నిలిపే వీరగల్లుల్లాంటివేనా ఇవి అని అడిగాడు. అలాంటివే అన్నాను. తల ఊపి ముందుకు నడిచాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం స్నానఘట్టం. నది ఒడ్డున ఉండాల్సిన మెట్లు కొండ మీద ఉన్నాయి. నున్నగా చెక్కిన పలకలు, వరుస తప్పని మెట్లు, మూలల్లో ఇప్పటికీ సన్నని అతుకు. కాలు పెట్టి దిగితే చివరి మెట్టు తరువాత గడ్డి. కట్టినవాళ్లు ఏ నీటిమట్టాన్ని మనసులో పెట్టుకుని ఎన్ని మెట్లు లెక్కవేశారో, ఆ లెక్కకు ఇప్పుడు ఆధారం లేదు. ఆ మెట్లను కాపాడినవాళ్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. అక్కడ కూర్చున్నప్పుడు మామ అన్నాడు, "మేమూ అంతే కదా బిడ్డా. ఇల్లు విడిచి రమ్మన్నారు. మా నాయన దూలాలు దించి, వాసాలు ఊడదీసి, దర్వాజా విప్పి బండి మీద వేసుకుని వచ్చాడు." ఆ దర్వాజా నేను చూశాను. హాలియా దగ్గరి ఇంటికి ఇప్పటికీ అదే. టేకు చెక్క, గడప మధ్యలో లోపలికి అరిగి ఉంటుంది. మా ఇంజనీరు ఒకసారి దాన్ని తీసేసి కొత్త కొలతకు పెట్టిద్దామంటే మామ ఒప్పుకోలేదు. ఎందుకో నాకు ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు బాగా అర్థమైంది.

అక్కడినుంచి అందరూ లాంచీ వైపు నడిచారు. మేం కొండ అంచుకు నడిచాం.

కోట ఇక్ష్వాకులది కాదు. వాళ్లు పోయి వెయ్యేళ్లయ్యాక వచ్చింది. కొండవీటి రెడ్డిరాజుల ఏలుబడిలో, ఆ తరువాత ఒడిశా గజపతుల చేతిలో ఉంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో గెలిచిన దుర్గాల జాబితా శాసనాల్లో ఉంది. అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, తంగెడ, కేతవరంతో పాటు నాగార్జునకొండ పేరు కూడా అందులో కనబడుతుంది. కొండవీడు చేరకముందు ఒక్కో గట్టునూ గెలుచుకుంటూ పోవాల్సి వచ్చిందన్నమాట. ఇంత చిన్న గట్టుకు అంత విలువ ఎందుకంటే, గోడ మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. కింద కృష్ణ, అవతల మన ఒడ్డు, వెనక లోయ. నది దాటి వచ్చేవాడు ఎవడైనా ఈ గోడ మీద ఉన్న కాపలావాడి కంట పడాల్సిందే. దీవి మీది కోట అని ఇప్పుడు అంటున్నాం కానీ, కట్టినప్పుడు అది దీవి కాదు, గిరిదుర్గం. చుట్టూ నీళ్లు చేరి అరవై ఏళ్లే అయింది.

గోడను దగ్గరగా చూడండి. చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే. మేం నిలబడినచోట కొండ రాయినే కోసి పేర్చారు. ముందువైపు పెద్ద రాళ్లు, ముఖం చదును చేసినవి, వెనక్కి పోనుపోను సన్నబడేలా పెట్టినవి. నడుమ సందుల్లో చిల్లరాళ్లు బిగించి కొట్టారు. ఒకచోట రాళ్లు జారిపోయి గోడ కడుపు కనబడుతోంది. లోపలంతా రాళ్లూ మట్టీ కలిపిన నింపుడు. నిటారుగా దిగే కొండచరియ ఉన్నచోట గోడ సన్నంగా, పొట్టిగా ఉంది. ఏటవాలుగా దిగే చోట మందం ఒక్కసారిగా పెరిగింది, బురుజు ముందుకు వచ్చింది. అంటే ఎవరో ఈ అంచంతా నడిచి, ఎక్కడ మనిషి ఎక్కగలడు, ఎక్కడ ఎక్కలేడు అని చూసుకుని రాయి ఖర్చుపెట్టారు. కొండ చేసే పని కొండకే వదిలేశారు. ప్లాన్ గీయడమంటే ఇదే కదా. కాగితం మీద గీసిన చతురస్రం కాదు, నేల చెప్పినట్టు వంగిన గీత. మా పట్టణంలో కొత్తగా వేసే వెంచర్లలో వాగు నడిచే దారి మీద కూడా ప్లాట్లు గీసి అమ్ముతున్న ఈ కాలంలో, ఆ గోడ నాకు పాఠంలా కనబడింది.

ఒక బురుజు పక్కన జువ్విచెట్టు ఉంది. దాని వేరు పై వరుసలోంచి దూరి నాలుగు వరుసల కింద బయటికి వచ్చింది. మణికట్టంత లావు. వేరు దూరినంత మేరా రాళ్లు పక్కకు ఒరిగాయి. అదే వేరు కొన్ని రాళ్లను కౌగిలించుకుని పట్టుకుంది కూడా. చెట్టును నరికితే ఆ వేరు కుళ్లి ఖాళీ ఏర్పడి గోడ దిగిపోతుంది. వదిలేస్తే ఇంకో పది పదిహేనేళ్లలో చీలుస్తుంది. ఇలాంటిచోట కొమ్మలు కత్తిరిస్తూ, చెట్టు పెరుగుదలను అదుపులో పెడుతూ, జారిన రాళ్లను అక్కడే తిరిగి పేర్చాలి. మ్యూజియం చుట్టూ పచ్చిక పెంచడంలో చూపించిన శ్రద్ధలో కొంత ఈ గోడకు దక్కినా చాలు. కనీసం ఒక పలక పెట్టి, ఇది ఫలానా కాలపు కోట, ఈ దారిన నడవవచ్చు అని రాస్తే వచ్చిన పిల్లలు ఆగి చూస్తారు. మా వెనకే వచ్చిన ఒక స్కూలు అబ్బాయి, "ఆంటీ, ఇది కాంపౌండ్ గోడా?" అని అడిగాడు. వాడి తప్పేముంది? చెప్పేవాళ్లు లేరు. రాయల సైన్యం గురించి నాకు తెలిసినంత చెప్పాను. వాడు పరుగెత్తి స్నేహితులను పిలుచుకొచ్చాడు. వాళ్లకు మళ్లీ చెప్పాను.

పడమటి అంచున మామ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు. అవతల ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి గట్లు. "అదిగో, ఆ రెండు గట్ల నడుమనుంచి మా దారి నదికి దిగేది. మా నాయనమ్మ ఆ రేవులో పుట్టి ఎక్కి ఇవతలికి వచ్చేది." పుట్టి అంటే తోలు కప్పిన వెదురు బుట్టపడవ. అక్కడ గుర్తు ఏమీ లేదు, ఒట్టి నీళ్లు. కానీ మామ వేలు ఎక్కడా తడబడలేదు. గట్ల తలలు మారలేదు కాబట్టి వాటిని పట్టుకుని కింద ఉన్నదంతా లెక్కగట్టగలుగుతున్నాడు. సర్వేలో మేం చేసే పని కూడా అంతే, కదలని గుర్తు ఒకటి దొరికితే తక్కినదంతా కొలవవచ్చు. నా సంచిలో ఉన్న నోటుపుస్తకంలో మామ చెబుతుంటే గీసుకున్నాను. రేవు, చింతచెట్టు, గుడి, మా వాళ్ల ఇల్లు. దిక్కులు మాత్రమే సరిగా ఉన్న పటం, దూరాలు మామ జ్ఞాపకానివి.

అటూ ఇటూ కనబడేదంతా అడవి. కృష్ణకు కుడివైపు నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. ఎడమవైపు నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాష్ట్రం విడిపోకముందు రెండూ ఒకటే. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 3,568 చదరపు కిలోమీటర్లతో అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది. విడిపోయాక మన వైపు ఏర్పడిన అమ్రాబాద్ విస్తీర్ణం, చుట్టూ ఉన్న బఫర్ అడవితో కలిపి, 2,611 చదరపు కిలోమీటర్లు. పులికి, చిరుతకు, ఎలుగుబంటికి, రేచుకుక్కలకు ఈ సరిహద్దు తెలియదు. వర్షాలు అయిపోయిన కొత్తలో నల్లమద్ది, చిరుమాను, టేకు అంతా ఒకే పచ్చగా కనబడతాయి. మాఘం దాటితే ఆకు రాలి గట్ల రాళ్లు బయటపడతాయి, మోదుగ పూస్తుంది. రెండు కాలాల్లోనూ చూడాలి. ఆకు ఉన్నప్పుడు అడవి తెలుస్తుంది, ఆకు లేనప్పుడు నేల తెలుస్తుంది.

ఈ అడవిని చూస్తే నాకు లంబాపూర్, పెద్దగట్టు గుర్తుకు రాకుండా ఉండవు. సాగర్‌కు దగ్గరగా, మన జిల్లాలోనే యురేనియం తవ్వాలని 2003 నాటికే ప్రతిపాదన వచ్చింది. జలాశయం పక్కన ఆ పని ఏమిటని జనం ఎదురుతిరిగారు. ఆ తరువాత అమ్రాబాద్ అడవిలో అన్వేషణ మాట వచ్చినప్పుడు రాష్ట్రమంతా గొంతెత్తింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఒక లోయను ఇదివరకే నీళ్లకు ఇచ్చాం. అన్నం పెట్టే నీళ్లు కాబట్టి ఇచ్చినవాళ్లు కూడా కడుపులో దాచుకున్నారు. మిగిలిన గట్లను, అడవిలో తరతరాలుగా ఉంటున్న చెంచులను కదిలించే హక్కు ఎవరికీ లేదని నేను నమ్ముతాను.

లాంచీ వాళ్లు దీవి మీద ఇచ్చే సమయం కోటకు ఏమాత్రం సరిపోదు. అంత సమయంలో మ్యూజియమే పూర్తికాదు. మేం తరువాతి లాంచీకి వస్తామని ముందే అడిగి, సరేననిపించుకుని దిగాం. మీరూ అలాగే చేయండి. లేకపోతే మ్యూజియం త్వరగా ముగించి గోడకు ఒక అరగంట అయినా ఉంచుకోండి.

మర్నాడు నేరేడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీకి వెళ్లాం. విశాఖ నుంచి వచ్చి స్థిరపడిన జాలర్ల వల్ల ఆ ఊరికి ఆ పేరు. కళ్ల ముందు శుభ్రం చేసి వేయించిన చేపలు, జొన్నరొట్టె. నీళ్ల అంచునే కూర్చుని తిన్నాం. మామ అక్కడి ముసలి జాలరితో వలల గురించి, నీటిమట్టం గురించి పొద్దు వాలేదాకా మాట్లాడాడు. ఏలేశ్వరం మునిగిన ఏడాది ఏదన్నదాని మీద ఇద్దరికీ చిన్న వాదం కూడా జరిగింది.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. నీళ్లు తక్కువ ఉన్న ఎండాకాలంలో లాంచీలు తిరుగుతున్నాయో లేదో ముందే కనుక్కోండి. తాగే నీళ్లు, టోపీ తీసుకెళ్లండి, కోట అంచున నీడ తక్కువ. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి, చిన్నపిల్లలను గోడ ఎక్కనివ్వకండి, రాళ్లు వదులుగా ఉన్నాయి. అంచున మొబైల్‌తో ఫొటోలు తీస్తూ వెనక్కి నడవకండి. తిన్న విస్తర్లు, సీసాలు తిరిగి లాంచీలోకి తెచ్చుకోండి. పెద్దవూర, నేరేడుగొమ్ము, చందంపేట వైపు ముంపు గ్రామాల పెద్దవాళ్లు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. కాగితం, పెన్సిలు కూడా పెట్టుకోండి.